మే ఎండకు ముందే ఇంజన్ చల్లబరచడం: సొంతంగా కట్టుకున్న విమానానికి రేకు పని

ఇంజన్ వేడెక్కుతోందంటే చాలామంది చెయ్యి ముందు రంపం మీదికే పోతుంది. కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) ముందున్న రెండు రంధ్రాలు పెద్దవి చేస్తే గాలి ఎక్కువ వస్తుంది, ఇంజన్ చల్లబడుతుంది అని లెక్క. ఆ రంపం పక్కన పెట్టండి. నేను చూసినంత వరకు లోపలికి వచ్చే గాలి తక్కువై వేడెక్కే విమానాలు అరుదు. వచ్చిన గాలి సిలిండర్లను ముట్టకుండా సందుల్లోంచి జారిపోతుంది, లేదా బయటికి పోయే దారి సరిగా లేక లోపలే కుక్కుకుని ఉంటుంది. మొదటిదానికి రబ్బరు పట్టీలు, సిలికాన్ గమ్ము చాలు. రెండోదానికి కాస్త రేకు పని కావాలి. ముందు రంధ్రం కోయడం ఇవన్నీ అయ్యాక, అప్పటికీ అవసరమైతేనే.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి, రిటైరయ్యాక నల్లగొండలో రేకు పని షాపు పెట్టుకున్నాను. నా గిరాకీ ఎక్కువగా మిర్యాలగూడ రైసుమిల్లులు: బ్లోయర్ డక్టులు, సైక్లోన్లు (గాలిలోంచి దుమ్ము వేరుచేసే డబ్బాలు), ఊక గొట్టాలు. అక్కడి మిల్లు ఓనర్ ఒకాయన కిట్ తెప్పించుకుని రెండు సీట్ల విమానం కట్టుకున్నాడు. దానికున్నది ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజన్‌ని మార్చి చేసిన నాలుగు సిలిండర్ల ఇంజన్, పూర్తిగా గాలితో చల్లబడేది. కింద రాసింది ఎక్కువగా దాని మీద చేసిన పనే. లైకమింగ్, కాంటినెంటల్, జబిరు ఇంజన్లకూ పద్ధతి ఇదే. రోటాక్స్ 912లో హెడ్లకు (సిలిండర్ల కొనన ఉండే మూతలకు) నీళ్లు, సిలిండర్లకు గాలి కాబట్టి దానికి రేడియేటర్ గొడవ వేరే ఉంటుంది. కానీ రేడియేటర్‌కైనా గాలి పోయే సూత్రం ఒకటే.

ఇంకో మాట. ఇలాంటి విమానాలు డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పర్మిట్ మీద ఎగురుతాయి. కౌలింగ్‌లోనో, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బాఫిల్ రేకుల్లోనో మార్పు చేస్తే లాగ్‌బుక్కులో రాయండి, మీ విమానాన్ని తనిఖీ చేసే ఇంజనీరుకు చూపించకుండా ఎగరకండి.

మన ఎండ లెక్క

అమెరికాలో చిన్న విమానాల సర్టిఫికేషన్ నియమాలు చాలాకాలం పాటు కూలింగ్ పరీక్షకు పెట్టుకున్న ఎండ, సముద్రమట్టంలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్. అంటే 38 సెల్సియస్. పైకి పోయే ప్రతి 1000 అడుగులకు దాదాపు 2 డిగ్రీలు తగ్గిస్తారు. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల నేల ఎత్తు సుమారు 1600 అడుగులు. ఆ లెక్కన అంత ఎత్తులో వాళ్లు ఊహించిన విపరీతమైన ఎండ 35 డిగ్రీలు. మనకు మార్చిలోనే అది దాటిపోతుంది, మే నెలలో 43, 44 మామూలే. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత బయటి గాలితో పాటు దాదాపు డిగ్రీకి డిగ్రీ పెరుగుతుంది. డిసెంబరు పొద్దున 18 డిగ్రీల చలిలో ఎగిరి 185 చూసి సంబరపడితే, అదే క్లైంబ్ (పైకి ఎక్కడం) మే మధ్యాహ్నం 210 చూపిస్తుంది.

పైగా గాలి పల్చబడుతుంది. 1500 అడుగుల ఎత్తులో 42 డిగ్రీల ఎండ ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి లెక్కించే ఎత్తు) సుమారు 5000 అడుగులు. విమానం ఎక్కడం నెమ్మదిస్తుంది, కాబట్టి ఫుల్ పవర్ మీద ఎక్కువసేపు ఉంటుంది. వేడి పెరిగేది సరిగ్గా అప్పుడే.

ఎంత వేడి వరకు పరవాలేదన్నది మీ ఇంజన్ మాన్యువల్ చెప్పాలి, పక్క హ్యాంగర్ వాళ్లు కాదు. ఒక్కో ఇంజన్ ఒక్కో తీరు: లైకమింగ్‌లో చాలా మోడళ్లకు గరిష్ఠం 260 డిగ్రీలు, కానీ హెచ్చు పవర్ క్రూయిజ్‌లో (సమంగా ఎగిరేటప్పుడు) 224 దాటనివ్వొద్దని కంపెనీయే అంటుంది. రోటాక్స్ 912 యూఎల్‌ఎస్‌కు పాత పద్ధతి సెన్సర్ ఉంటే గరిష్ఠం 135 మాత్రమే. హెడ్లు అల్యూమినియం. 200 డిగ్రీలు దాటాక ఆ లోహం బలం గబగబా తగ్గుతుంది, వాల్వ్ సీట్లు వదులవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు మీటర్‌ని అనుమానించండి

నాలుగు సిలిండర్లకూ విడివిడి సెన్సర్లు లేకపోతే ముందు అవి పెట్టించండి. ఒక్క సిలిండర్‌కే సెన్సర్ ఉంటే మిగతా మూడింటి సంగతి దేవుడికెరుక.

ఉన్న సెన్సర్లను పరీక్షించడం సులువు. విప్పి, మరుగుతున్న నీళ్లలో పెట్టండి. మన ఎత్తులో నీళ్లు 98, 99 డిగ్రీలకే మరుగుతాయి, మీటర్ ఆ దగ్గర చూపించాలి. తర్వాత, అన్నిటికంటే వేడిగా చూపిస్తున్న సిలిండర్ సెన్సర్‌ని చల్లగా ఉన్న దానితో మార్చి ఎగరండి. వేడి రీడింగ్ సెన్సర్ వెంట పోతే తప్పు సెన్సర్‌ది. సిలిండర్ దగ్గరే ఉండిపోతే అప్పుడు రేకు పని గురించి ఆలోచించండి. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా బిగించే సెన్సర్, హెడ్ రంధ్రంలో దూర్చే సెన్సర్ ఒకే అంకె చూపించవు. ఒకదానితో తీసిన రీడింగ్‌ని ఇంకోదాని పరిమితితో పోల్చకండి.

పాతకాలం ముల్లు మీటర్లు ఉన్నవాళ్లకు ముఖ్యమైన సంగతి. థర్మోకపుల్ (రెండు లోహపు తీగల వేడి సెన్సర్) నిజానికి కొలిచేది రెండు చివరల మధ్య తేడా మాత్రమే. మీటర్ దగ్గర 24 డిగ్రీలు ఉంటుందని అనుకుని చాలా పాత మీటర్లకు అంకెలు గీశారు. మన దగ్గర మే నెలలో కాక్‌పిట్ లోపల 45 ఉంటుంది. ఆ తేడాను సరిచేసే ఏర్పాటు మీటర్‌లో లేకపోతే అది అసలు వేడి కంటే 21 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఎండాకాలంలోనే మీటర్ మనల్ని మభ్యపెడుతుందన్నమాట. కొత్త డిజిటల్ మీటర్లలో ఈ బాధ లేదు.

మీటర్ నిజమే చెబుతోందని తేలాక కూడా కౌలింగ్ జోలికి పోయే ముందు ఇంజన్ని చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ కాస్త ముందుకు ఉన్నా, కార్బొరేటర్ జెట్ చిన్నదైనా, ఇన్‌టేక్ గొట్టం గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తున్నా హెడ్లు కాలతాయి. ఎంత గాలి కొట్టినా లాభం ఉండదు. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్‌లో చాలావరకు 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, జెట్ మార్చకుండా అది పోస్తే పెట్రోల్, గాలి మిశ్రమం సుమారు 7 శాతం పల్చబడుతుంది. ఫుల్ పవర్ మీద అది వేడి. రోటాక్స్ 912కి 10 శాతం ఇథనాల్ వరకే అనుమతి. మీ ఇంజన్‌కి ఎంత వరకో చూసుకుని పోయించండి.

సందులు

కౌలింగ్ లోపల రెండు గదులుంటాయి. సిలిండర్ల పైన ఉన్నది ఒత్తిడి గది, కింద ఉన్నది ఖాళీ అయ్యే గది. ఈ రెండిటి మధ్య గోడలే బాఫిల్స్. పై గదిలో పోగైన గాలికి ఫిన్స్ (సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి లోహపు రెక్కలు) మధ్యలోంచి తప్ప కిందికి దిగడానికి ఇంకో దారి ఉండకూడదు. ఎక్కడ చిన్న సందు దొరికినా గాలి అక్కడికే పోతుంది, ఎందుకంటే ఫిన్స్ మధ్య నలిగి పోవడం కంటే అది సులువు. మిల్లు డక్టుల్లోనూ ఇదే: జాయింట్లు కారుతుంటే పెద్ద మోటారు పెట్టినా ఊక కదలదు.

సందులు పట్టుకునే తీరు ఇది. చీకటి పడ్డాక కౌలింగ్ బిగించి, వెనక కింది రంధ్రంలోంచి ఒక ఎల్‌ఈడీ లైటు లోపలికి పెట్టండి. ముందు రంధ్రాల్లోంచి చిన్న అద్దంతో చూడండి. ఫిన్స్ మధ్య వెలుతురు కనబడాలి. ఇంకెక్కడ కనబడినా అది సందే. అద్దం పట్టని చోటికి ఫోన్ దూర్చి వీడియో తీయండి. వెలుతురు చూసి గుర్తు పెట్టుకున్న చోట్లలో, ఆకులు ఊడ్చే బ్లోయర్‌తో ఒక రంధ్రంలోకి గాలి కొట్టి, రెండోది మూసి, కర్రకు కట్టిన దారంతో కూడా వెతకొచ్చు. అగరుబత్తి పొగతో చూద్దామని మా మిల్లు ఓనర్ అన్నాడు.

"అన్నా, పొగ అయితే బాగా కనబడుతుంది కదా?"

"కనబడుతుంది. కార్బొరేటర్ పక్కన నిప్పు పెడితే ఇంకా బాగా కనబడుతుంది. దారం తే."

మా విమానంలో పెద్ద సందు ఎవరూ చూడని చోట ఉంది: ముందు వైపు, స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే కోను టోపీ) వెనక, క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ. పై గదిలో ఒత్తిడి పెరిగిన కొద్దీ గాలి అక్కడి నుంచి తిరిగి ముందుకే కారిపోతుంది. వచ్చిన గాలి వచ్చిన దారినే పోతోంది. అక్కడ వంపు రేకు ఒకటి, దాని అంచుకు రబ్బరు పట్టీ కావాలి. షాఫ్ట్‌కి మాత్రం తగలకూడదు. ఇంజన్ ఊగుతుందని గుర్తుంచుకుని వేలు మందం వదలండి.

బాఫిల్ పై అంచుకూ కౌలింగ్‌కూ మధ్య సిలికాన్ రబ్బరు పట్టీ వేస్తారు, 3 మిల్లీమీటర్ల మందం, మూడు అంగుళాల వెడల్పు. పట్టీ ఒత్తిడి ఉన్న గది వైపుకే, అంటే లోపలికి వంగాలి. అప్పుడు గాలే దాన్ని కౌలింగ్‌కు నొక్కి పెడుతుంది. బయటికి వంగితే గాలి దాన్ని ఎత్తేసి పారిపోతుంది. కౌలింగ్ మూసేటప్పుడు పట్టీ మడత తిరగబడడం మామూలే, అందుకే మూసిన ప్రతిసారీ ముందు రంధ్రంలోంచి టార్చి వేసి చూడాలి. ముడత పడిన ప్రతి చోటా ఒక సందు ఉన్నట్టే. మూలల్లో పట్టీని కోసి ఒకదాని మీద ఒకటి ఎక్కించండి. రబ్బరును నేరుగా రివెట్ చేస్తే రివెట్ తల దగ్గర చిరుగుతుంది. పైన సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి రివెట్ కొట్టండి. లారీ ట్యూబు ముక్కలు వేయకండి. ఆ రబ్బరు నూనెకు ఉబ్బి, వేడికి అట్టలా గట్టిపడుతుంది.

కౌలింగ్ లోపలి పైభాగానికి తెల్ల రంగు వేయండి. కొద్దిరోజులు ఎగిరాక పట్టీ ఆనిన చోట నల్లటి గీత పడుతుంది. గీత తెగిన చోట పట్టీ ఆనడం లేదని అర్థం. ఇంతకంటే నిజాయితీ అయిన పరీక్ష నాకు తెలియదు.

ఇంజన్ కేసుకూ బాఫిల్ రేకుకూ మధ్య సన్న సందులను వేడి తట్టుకునే సిలికాన్ గమ్ముతో నింపండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి కొనండి. చేత్తో పూసే ముందు నూనె జిడ్డు పూర్తిగా తుడవాలి, లేకపోతే వారంలో ఊడి వస్తుంది.

ఇక ఎక్కువమంది వదిలేసేది సిలిండర్ల కింది భాగం. పై నుంచి వచ్చిన గాలి సిలిండర్ పై సగాన్ని చల్లబరిచి, కింది సగం దగ్గరికి రాకముందే దూరంగా జరిగిపోతుంది. దాన్ని చుట్టూ హత్తుకుని కిందిదాకా తీసుకెళ్లడానికి సిలిండర్ల కింద వంపు రేకులుండాలి, గాలి బయటపడడానికి అడుగున సన్నని చీలిక మాత్రమే వదిలి. ఆ రేకు ఫిన్స్‌కు దాదాపు ఆనుకుని ఉండాలి. వేలు దూరేంత ఎడం ఉంటే అది లేనట్టే. ఈ రేకులకు 0.8 మిల్లీమీటర్ల విమానం గ్రేడు అల్యూమినియం వాడండి. వంట పాత్రల రేకు మెత్తగా ఉండి వంచడానికి హాయిగా ఉంటుంది కానీ అదురుకు అంచుల నుంచి చీలుతుంది. కోసిన ప్రతి అంచునూ ఆకురాయితో నున్నగా చేయండి. చీలిక అప్పటికే మొదలై ఉంటే దాని కొనలో చిన్న రంధ్రం వేస్తే ముందుకు పాకదు.

పనిలో పనిగా ఫిన్స్ మధ్య చూడండి. పోత పోసినప్పుడు మిగిలిన సన్నటి లోహం పొరలు కొన్ని హెడ్లలో అలాగే ఉండిపోతాయి, ముఖ్యంగా ప్లగ్ దగ్గర, ఎగ్జాస్ట్ వాల్వ్ పక్కన. పైనుంచి చూస్తే సందులా ఉంటుంది, లోపల మూసుకుపోయి ఉంటుంది. టార్చి కింద పెట్టి పైనుంచి చూస్తే తెలుస్తుంది. హ్యాక్సా బ్లేడు సగానికి విరిచి, పట్టుకునే వైపు గుడ్డ చుట్టి, ఆ పొరను ఓపికగా గీకేయండి. ఫిన్ అసలు లోహానికి గాటు పడకూడదు. మూసుకుపోయిన ఒక్క సందు తెరుచుకున్నా ఆ సిలిండర్ మిగతా వాటి వరసలోకి వస్తుంది.

మేస్త్రీ పైపుతో ఒత్తిడి కొలవడం

మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ పైపు ఉంటుంది కదా, అది చాలు. ఒక చెక్కకు ఇంగ్లీషు యూ ఆకారంలో బిగించి, మధ్యలో మిల్లీమీటర్ల స్కేలు అతికించి, ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు సగం వరకు పోయండి. ఇంజన్ వైపు మాత్రం ప్లాస్టిక్ కరుగుతుంది, అక్కడ సన్న రాగి గొట్టం వాడాలి. గొట్టం కొన మూసేసి, పక్కల నుంచి చిన్న రంధ్రాలు వేయండి, అప్పుడు గాలి వేగం కాక ఒత్తిడి మాత్రమే తెలుస్తుంది. ఒక గొట్టం పై గదిలో, ఒకటి కింది గదిలో. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కేబిన్‌కూ మధ్య ఉండే అడ్డుగోడ) దాటే చోట లోహపు ఫిట్టింగు పెట్టి, పని అయ్యాక గట్టిగా మూసేయాలి. విమానం అసలు స్టాటిక్ లైనుకు (స్పీడు, ఎత్తు మీటర్లకు బయటి ఒత్తిడి అందించే గొట్టానికి) దీన్ని కలపకండి. కేబిన్ గాలితో పోల్చితే మన పనికి సరిపోతుంది. నడిపేవాళ్లు నడపాలి, రీడింగులు పక్క సీటులో ఉన్నవాళ్లు రాసుకోవాలి.

స్పీడ్ మీటర్ మీద 60 నాట్లు ఉంటే గాలి మోసుకొచ్చే మొత్తం ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. ఈ అంకె గుర్తుంచుకోవడం సులువు. 85 నాట్లకు అది రెట్టింపు, దాదాపు 120. ఇప్పుడు క్లైంబ్‌లో 60 నాట్ల దగ్గర చూసిన దాన్ని ఇలా చదవాలి. పై గదిలో 45, 50 ఉంటే ముందు రంధ్రాల్లో తప్పు లేదు, వాటిని ముట్టుకోవద్దు. కింది గదిలో కూడా 20, 25 ఉంటే బయటికి పోయే దారి ఇరుకు. పైన తక్కువ, కింద ఎక్కువ ఉంటే సందులు ఇంకా మిగిలి ఉన్నాయి, మళ్లీ లైటు తీయండి. పైనా కిందా రెండూ తక్కువగా ఉంటే మాత్రమే ముందు రంధ్రం తప్పు.

గాలి బయటికి పోవాలి

వేసవిలో మనింట్లో కూలర్ పెట్టి ఎదురు కిటికీ మూసేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇక్కడా అదే. 40 డిగ్రీల గాలి లోపలికి వెళ్లి 90 డిగ్రీలకు కాగితే దాని ఘనపరిమాణం 16 శాతం పెరుగుతుంది, కాబట్టి బయటి దారి లోపలి దారి కంటే ఎక్కువే ఉండాలి. అందులో ఎగ్జాస్ట్ గొట్టాలు, ముందు చక్రం కాలు, కేబుళ్లు ఆక్రమించిన చోటును తీసేసి లెక్కపెట్టాలి. చాలా లెక్కలు తప్పేది అక్కడే.

ఫైర్‌వాల్ కింది అంచు నిలువుగా వచ్చి ఒక్కసారిగా మడత తిరిగితే గాలి అక్కడ చిక్కుపడుతుంది. ఆ మూలకు గుండ్రటి వంపు రేకు వేయండి. వేడికి దగ్గర కాబట్టి అక్కడ స్టెయిన్‌లెస్ మంచిది. తర్వాత కౌలింగ్ కింది అంచుకు ఒకటిన్నర అంగుళం రేకు పెదవిలా కిందికి, 30 డిగ్రీల వాలులో బిగిస్తే దాని వెనక ఒత్తిడి పడిపోయి లోపలి గాలిని లాగుతుంది. స్పీడు కొంచెం తగ్గుతుంది, అది తప్పదు. ముందు స్క్రూలతో తాత్కాలికంగా పెట్టి, పైపులో కింది గది అంకె తగ్గిందో లేదో చూసి, తర్వాత పక్కా చేయండి.

కౌలింగ్ పైభాగంలో, అద్దం ముందు జాలీ చీలికలు పెడితే వేడి పైకి పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నిలబడి ఉన్నప్పుడు నిజమే. ఎగిరేటప్పుడు అద్దం మొదట్లో ఒత్తిడి ఎక్కువ, గాలి అక్కడి నుంచి లోపలికే వస్తుంది.

ముందు రంధ్రం పెంచాల్సి వస్తే వైశాల్యం కంటే ముందు అంచు చూడండి. కత్తిలా పదునుగా ఉన్న అంచును మందంగా, గుండ్రంగా చేస్తే చాలాసార్లు కోత అవసరమే రాదు.

ఆయిల్ కూలర్‌కు గాలిని పై గది నుంచే తీసుకుంటే, దాని డక్టు చుట్టూ సందులు ఉండకూడదు, డక్టు ఒక్కసారిగా కాక మెల్లగా వెడల్పవ్వాలి. ఆయిల్ మరీ చల్లగా ఉన్నా ఇబ్బందే. తగినంత వేడెక్కితేనే అందులో చేరిన తేమ ఆవిరై పోతుంది.

ఎగిరేటప్పుడు

నేల మీద ఫుల్ పవర్ పరీక్ష గాలికి ఎదురుగా నిలబెట్టి, తొందరగా ముగించండి. ఆగి ఉన్న విమానానికి ప్రొపెల్లర్ మొదలు దగ్గర వచ్చే గాలి చాలా తక్కువ. టేకాఫ్ అయ్యాక, చెట్లు కరెంటు తీగలు దాటి సురక్షితమైన ఎత్తుకు చేరగానే ముక్కు కాస్త దించి పది నాట్లు పెంచండి. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 నుంచి 70కి పోతే మూడో వంతుకు పైగా ఎక్కువ ఒత్తిడి వచ్చినట్టు. పరిమితి దగ్గర పడుతుంటే కాసేపు సమంగా ఎగిరి, మళ్లీ ఎక్కండి. ఫుల్ పవర్‌లో ఉండగా మిశ్రమం పల్చన చేయకండి, ఆ అదనపు పెట్రోల్ కూడా చల్లబరిచేదే. మే నెలలో పదకొండు దాటాక సరదా ఎగరడాలు మానేస్తే ఇంజన్‌కీ నడిపేవాళ్లకీ మంచిది.

దిగి ఇంజన్ ఆపగానే గాలి ఆగిపోతుంది, వేడి మాత్రం పైకి ఎగబాకుతుంది. ఆయిల్ చూసుకోవడానికి కౌలింగ్ మీద ఉండే చిన్న తలుపు తెరిచి ఉంచండి. వెంటనే మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోల్ గొట్టాల్లో ఆవిరి పట్టి ఇంజన్ దగ్గొచ్చు. అరగంట ఆగితే ఆ టెన్షన్ ఉండదు. చల్లారాక ముందు రంధ్రాలకు స్పాంజి బిరడాలు ఎర్ర గుడ్డ తోకలతో పెట్టండి, గోరింకలకు లోపల గూడు పెట్టడానికి రెండు రోజులు చాలు.

మన దగ్గర పత్తి తీసే కాలంలో దూది పోగులు, వరి కోతల్లో ఊక దుమ్ము ఆయిల్ కూలర్‌లో చేరతాయి. పైకి శుభ్రంగానే కనబడుతుంది, లోపలి వరసల్లో దూది ఎర్రమట్టితో కలిసి ముద్దవుతుంది. కూలర్ విప్పి, గాలి బయటికి వచ్చే వైపు నుంచి లోపలికి వచ్చే వైపుకు తక్కువ ప్రెషర్ గాలి కొట్టండి. కార్లు కడిగే ప్రెషర్ వాషర్ ఫిన్స్‌ని వంచేస్తుంది. కుమ్మరి పురుగులు మట్టి గూడు కట్టకుండా ఇంజన్ బ్రీదర్ గొట్టం, ట్యాంకు వెంటు కూడా అదే రోజు చూడండి. ఈ పని ఫిబ్రవరి లోపు పెట్టుకోండి, రబ్బరు పట్టీలు ఆర్డరిస్తే రావడానికి టైం పడుతుంది.